కొల్లిపర కారుకు పట్టిన వణుకు

ఆ రోజుల్లో తెనాలి బజారులో కారు ఆగిందంటే చెడిపోయిందనే అర్థం. ఆగిన క్షణంలో చుట్టూ జనం మూగేవాళ్ళు, మూగిన ప్రతివాడూ ఇంజను వైద్యుడే. సైకిలు చైను ఊడితే ఎక్కించుకోవడం చేతకానివాడు కూడా ముందుకు వంగి, "ప్లగ్గులు చూశావా అబ్బాయ్?" అనేవాడు. ఇప్పుడు కారు చెడితే ఫోను చేస్తున్నారు, ఎవరో వచ్చి బండి మీద ఎత్తుకుపోతున్నారు, పక్కింటివాడికి కూడా తెలియడం లేదు. పాతరోజులే మేలని అందరూ అంటారు గాని, ఈ ఒక్క విషయంలో నా ఓటు ఇప్పటి రోజులకే. ఎందుకంటే ఒకే ఒక్క కారు నలుగురి కళ్ళ ముందు చెడి, నలుగురి కళ్ళ ముందు బాగుపడినందువల్ల నా బతుకు ఇలా తగలడింది. ఇలా అంటే మా ఆవిడకు కోపం. "ఏం తగలడింది, పెన్షను వస్తోందిగా!" అంటుంది. పెన్షను రావడం వేరు, పేరు రావడం వేరు అని ఆవిడకు ఈ జన్మలో బోధపడదు. మీరైనా వినండి.

నేను పుట్టింది చెరుకుపల్లిలో. హైస్కూలు చదువు ఎలాగో గట్టెక్కగానే మా అమ్మ నన్ను తెనాలి తీసుకెళ్ళి, అక్కడ మెకానిక్ షెడ్డు నడుపుతున్న తన తమ్ముడికి అప్పజెప్పింది. ఆయనే మా మావయ్య. పొన్నూరు నుంచి రేపల్లె దాకా వడ్ల మిల్లుల్లో ఆయిలు ఇంజన్లకు ఏ రోగం వచ్చినా ఆయన్నే పిలిచేవాళ్ళు. అందుకని ఊళ్ళో అందరూ ఆయన్ను 'ఇంజను గారు' అనేవాళ్ళు. ఆయనకు ఇంజన్ల మీద కొన్ని గట్టి నమ్మకాలుండేవి. అన్నిట్లోకీ గట్టిది ఏంటంటే, ఇంజను అనేది కదలకూడదు. మిల్లులో ఇంజన్ను పెద్ద సిమెంటు దిమ్మ మీద కూర్చోబెట్టి, దిమ్మలో పాతిన బోల్టులకు నట్లు బిగిస్తారు. బిగింపు అయ్యాక మావయ్య ఒక గాజు గ్లాసు తెప్పించి, నిండా నీళ్ళు పోయించి, ఆ దిమ్మ మీద పెట్టి ఇంజను తిప్పించేవాడు. నీళ్ళు తొణికితే అది బిగింపు కాదు, విప్పి మళ్ళీ మొదలు. తొణక్కపోతే ఆ నీళ్ళు తానే గటగటా తాగి, ఖాళీ గ్లాసు మిల్లు ఓనరు చేతికిచ్చి, భుజం మీద తువ్వాలు దులుపుకుని బయటికి నడిచేవాడు. అక్కడున్న కూలీలు కూడా దణ్ణం పెట్టేవాళ్ళు. "ఇంజనూ ఇంటి పెద్దా కుదురుగా కూచోవాల్రా అల్లుడూ. ఈ రెంట్లో ఏది కదిలినా కొంప కొల్లేరే" అని నాకు నూరిపోసేవాడు. (ఆయన మాత్రం ఒక్క పూట ఇంటిపట్టున కూర్చున్న పాపాన పోలేదని మా అత్తయ్య దెప్పేది.)

నాకు చెయ్యి తిరిగిందని మావయ్యకు నమ్మకం కలిగినప్పటి నుంచి ఇంట్లో ఒక మాట నలుగుతూ ఉండేది. బాపట్లలో ఒక మిల్లు ఓనరు గారికి స్టేషను దగ్గర్లో ఖాళీ కొట్టం ఉంది. అందులో నా చేత వేరే షెడ్డు పెట్టించాలని మావయ్య ఆలోచన. ఆ ఓనరు గారికి మావయ్య మాటంటే వేదవాక్కు. మావయ్య "మావాడు చేస్తాడు" అంటే చాలు, బాపట్ల మిల్లుల పనంతా నాదే. ఇంక నేను ఆగుతానా? మనసులోనే షెడ్డుకు తాటాకు పందిరి వేసేశాను, బోర్డు కూడా రాయించేశాను, పసుపు మీద ఎర్ర అక్షరాలు. రోజూ పొద్దున్నే పళ్ళు తోముకుంటూ ఆ లేని బోర్డు చదువుకునేవాణ్ణి. మెకానిక్కుకు పొలం ఉండదు, తోట ఉండదు, పేరొక్కటే ఆస్తి అని మావయ్యే చెప్పాడు. ఆ ఆస్తి నాకు రాబోతోందని, అది వస్తే చెరుకుపల్లిలో మా అమ్మ తలెత్తుకు తిరుగుతుందని, ఆ వయసులో నాకున్న ఆశంతా అదే.

అప్పుడు వచ్చింది ఆ కారు. కొల్లిపరలో కృష్ణ ఒడ్డున లంకపొలాలున్న ఒక పెద్ద ఇంటి కుర్రాడు మద్రాసులో ఎవరో సినిమాల వాళ్ళ దగ్గర కొనుక్కొచ్చాడు. ఎర్రటి రేసు కారు, ఇంగ్లీషు దొరల నాటిది, రెండే సీట్లు, పైన కప్పు లేదు. ఎంత కిందుగా ఉండేదంటే, అందులో కూర్చున్న మనిషి ఎద్దుబండి ఇరుసుతో మాట్లాడుకోవచ్చు. అరటిగెలల బళ్ళు నడిచే కొల్లిపర రోడ్డు మీద దాన్ని తోలుతూ ఆయన కళ్ళకు నల్లద్దాలు, చేతులకు తోలు తొడుగులు వేసుకునేవాడు. మన ఎండలకు ఆ తొడుగుల్లోంచి చెమట కారి మోచేతుల దాకా వచ్చేది. జనం ఆయన్ను 'రేసుబాబు' అన్నారు. కోపం లేని మనిషి, ఆ పేరు విని మురిసిపోయాడు. (పేర్ల విషయంలో కొందరికి అలా రాసిపెట్టి ఉంటుంది.)

ఆ కారుకు ముందు భాగంలో ఒకే పుల్లీ మీద పక్కపక్కనే రెండు బెల్టులు తిరుగుతాయి. ఫ్యానునీ, నీళ్ళ పంపునీ, డైనమోనీ అవే తిప్పుతాయి. పాతబడి అరిగిపోయి, కారు స్టార్టు చేస్తే చాలు కీచుమని అరిచేవి. రేసుబాబు మద్రాసు నుంచి కొత్త జత తెప్పించుకుని, వేసి పెట్టమని మా షెడ్డుకు తెచ్చాడు. మావయ్య జన్మలో అలాంటి కారు విప్పి ఎరగడు. కానీ 'తెలీదు' అనే మాట ఆయన నోట నేను ఒక్కసారి కూడా వినలేదు. "బెల్టులే కదండీ, మిల్లులో ఏనుగంతేసి బెల్టులు ఎక్కించాం. ఇదెంత, మొలతాడంత!" అన్నాడు.

ఆ మొలతాడు ఎక్కించడానికే మా తలప్రాణం తోకకొచ్చింది. పుల్లీ ముందు ఒక అడ్డకమ్మీ ఉంది, ఆ సందులో బెల్టు దూరదు. ఇంజను ముందు పాదాల బోల్టులు విప్పి, కింద జాకీ పెట్టి, ఇంజన్ను కొంచెం పైకి లేపితే గాని దారి దొరకలేదు. లేపాను. బెల్టులు రెండూ నా చేతులతో నేనే ఎక్కించాను, డైనమో జరిపి బిగువు సరిచూశాను. అప్పుడే ఇంజను పాదాల కింద రెండు రబ్బరు దిమ్మలు కనబడ్డాయి. నూనె తాగి ఉబ్బి, అంచులు పగిలి ఉన్నాయి. మావయ్య వాటిని వేలితో నొక్కి చూసి, "ఏంట్రా ఈ చెప్పు ముక్కలు?" అన్నాడు. ఇంతలో గ్రీజు అయిపోయిందని నన్ను బజారుకు తరిమాడు. నేను డబ్బా పుచ్చుకుని తిరిగొచ్చేసరికి జాకీ బయట ఉంది, ఇంజను కిందికి దిగి ఉంది, మావయ్య పెద్ద పానాకు ఇనుప గొట్టం తొడిగి ఆఖరి నట్టు బిగిస్తున్నాడు. "కూచోబెట్టేశా. ఇంక భూకంపం వచ్చినా కదలదు" అన్నాడు. ఆ రబ్బరు ముక్కలు ఏమయ్యాయని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

స్టార్టు చేసి చూపించే వేళకు షెడ్డు ముందు మామూలుగానే తిరనాళ్ళు. మావయ్య అలవాటు చొప్పున గ్లాసు నిండా నీళ్ళు తెప్పించి కారు ముందు చక్రం పైనున్న రేకు రెక్క మీద పెట్టాడు. రేసుబాబు మీట నొక్కాడు. ఇంజను అందుకుంది, దాంతో కారు మొత్తం పూనకం వచ్చినట్టు ఊగడం మొదలుపెట్టింది. అద్దం ఊగింది, తలుపులు ఊగాయి, ముందు దీపాలు రెండూ తలలాడించాయి. గ్లాసు మొదట తొణికింది, తర్వాత రెక్క మీద దానంతటది నడుచుకుంటూ పోయి, ఒక్క గెంతుతో రేసుబాబు తెల్ల ప్యాంటు మీద పడింది. నిలబడి చూస్తున్న జనం నవ్వారు. మావయ్య గ్లాసు కింద పడటం ఆయన జన్మలో అదే మొదలు. ఆయన రెక్క మీద ఒకసారి చెయ్యి ఆనించి, చటుక్కున తీసేశాడు. అయినా తమాయించుకుని, "కొత్త బెల్టులు కదండీ బాబు గారూ, కుదురుకోవాలి. మావాణ్ణి ఎక్కించుకుని రేపల్లె దాకా ఒక చుట్టు చుట్టి రండి, అదే సర్దుకుంటది" అన్నాడు. నావైపు మాత్రం చూడలేదు.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. ఆ ప్రయాణం గురించి చెప్పాలంటే నాకు ఇప్పటికీ పళ్ళు కొట్టుకుంటాయి. రేసుబాబు ఏదో అడిగేవాడు, ఆ మాట ముక్కలు ముక్కలై నా చెవిలో పడేది. నేనిచ్చే జవాబు నాకే అర్థమయ్యేది కాదు. దారిపొడుగునా ఆగిన చోటల్లా వైద్యులే. ఒక లారీ డ్రైవరు, "రెండు బెల్టులూ కవల పిల్లల్లా ఉండాల, ఒకటి పొట్టి ఒకటి పొడుగు వచ్చినయ్" అన్నాడు. ఒక మిల్లు మనిషి బెల్టు జారకుండా చల్లే గుగ్గిలం పొడి తెచ్చి మేము వద్దంటున్నా చల్లేశాడు. ఇంకొకాయన బెల్టు తిరగేసి వెయ్యమన్నాడు. ఇంకొకాయన, "దిష్టండీ, ఎర్ర కారాయె" అని నిమ్మకాయలు కట్టించాడు. అవి ఊరు దాటేలోగా ఊగి ఊగి తెగిపోయాయి. తప్పు బెల్టులదేనని మాత్రం అందరిదీ ఒకే మాట. మార్చింది బెల్టులే కాబట్టి చెడింది బెల్టుల వల్లేనని తీర్పు. బెల్టులు వేసిన చేతులు నావి. ఆ చేతులు ఒళ్ళో పెట్టుకుని నేను అందరి మధ్యా కూర్చున్నాను.

చెరుకుపల్లిలో మిగిలిన పరువు కూడా పోయింది. కారు నెమ్మదిగా మా వీధి చివర దాటుతుంటే మా అమ్మ నీళ్ళ బిందెతో ఎదురైంది. కొడుకు ఎర్ర కారులో దొరలా కూర్చుని రావడం చూసి మొహం చేటంత చేసుకుంది. రేసుబాబు ఇంజను ఆపకుండానే కారు నిలిపాడు, దగ్గరికొచ్చిన ఆమెకు నేను ఆపాదమస్తకం గడగడా వణకడం కనబడింది. బిందె అక్కడే దించేసి, "అయ్యో నా తండ్రీ, చలిజ్వరం పెట్టుకుని ఎందుకొచ్చావురా!" అంటూ ఇంట్లోకి పరిగెత్తి దుప్పటి తెచ్చి నాకు చుట్టబెట్టింది. "జ్వరం కాదమ్మా, ఇంజను" అన్నాను. వణుకులో ఆ మాట ఆమెకు మూలుగులా వినబడింది కాబోలు, రేసుబాబు వైపు తిరిగి, "బాబూ, కాస్త మెల్లగా పోనివ్వండి. పిల్లాడు ఇంత నలతగా ఉంటే మా తమ్ముడెట్టా పంపాడో" అంది. చుట్టుపక్కల ఆడవాళ్ళు జాలిగా చూశారు. వైశాఖపు ఎండలో ఆ దుప్పటి కప్పుకునే ఊరు దాటాను. అమ్మ కంటికి కనబడినంత మేర తీసెయ్యడానికి మనసొప్పలేదు.

రేపల్లెలో చేపలబుట్టలు దించే చోట ఒక చెట్టు నీడన కారు ఆపాం. అక్కడ పడవల్లో ఇంజను పని చేసే మనిషి ఒకాయన వచ్చి, కారు మీద చెయ్యి వేసి, "ఇదేం వణుకు, మా పడవలో అయితే ఇంతకు రెట్టింపు. అలవాటు పడాలండీ" అని వేదాంతం చెప్పి పోయాడు. రేసుబాబు సోడా కోసం వెళ్ళాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. వీళ్ళందరూ బెల్టులు బెల్టులు అంటున్నారు కదా, అసలు బెల్టులే లేకుండా చూద్దామనిపించింది. డైనమో వదులు చేసి రెండు బెల్టులూ పుల్లీ మీంచి జార్చి పక్కకు నెట్టాను. బెల్టు లేకపోతే ఫ్యాను తిరగదు, నీళ్ళు పారవు. అందుకని ఎక్కువసేపు నడపకూడదు. కానీ తేల్చుకోవడానికి ఎక్కువసేపు అక్కర్లేదు. మీట నొక్కాను. ఫ్యాను కదలకుండా నిలబడింది, డైనమో నిలబడింది, కారు మాత్రం అంతకు ముందు ఎలా ఊగిందో అలాగే ఊగింది.

ఆ నిమిషంలో నాకు కలిగిన ఆనందం నా పెళ్ళిలో కూడా కలగలేదు (మా ఆవిడ ఇది చదవదనే ధైర్యం). తప్పు బెల్టులది కాదు, అంటే నాది కాదు! ఇంజను ఆపి, కింద దూరి, ఇంజను పాదాల దగ్గర చెయ్యిపెట్టి తడిమాను. మెత్తగా రబ్బరు తగలాల్సిన చోట గట్టిగా ఇనుము తగిలింది. రెండో పక్కా అంతే. మందపాటి ఇనుప పలకలు. మా షెడ్డు మూల మిల్లు ఇంజను దిమ్మలకు ఎత్తు సరిచేయడానికి కోసి పెట్టుకునే పలకలే అవి, వాటిని కోసే రంపం కూడా నాకు తెలుసు. సంగతి నిలువునా అర్థమైంది. మిల్లు ఇంజను భూమి మీద కూర్చుంటుంది, దాని అదురంతా భూమి దిగమింగుతుంది. కారు ఇంజను కూర్చునేది రేకు మీద. మధ్యలో మెత్తటి రబ్బరు ఉండి ఆ అదురు తాగెయ్యాలి. మావయ్య ఆ రబ్బరును బిగింపుకు శత్రువనుకుని పీకి పారేసి, కారుకు కూడా మిల్లు బిగింపే బిగించాడు. ఆనందం ఎంత వేగంగా వచ్చిందో అంత వేగంగానూ పోయింది. తప్పు నాది కాకపోతే ఎవరిదో కూడా తేలిపోయింది కదా.

రేసుబాబు సోడా తాగి వచ్చి, "ఏమన్నా తెలిసిందా?" అనడిగాడు. "మావయ్యతో మాట్లాడాలండీ" అన్నాను. బెల్టులు మళ్ళీ ఎక్కించి, అలాగే వణుక్కుంటూ తెనాలి చేరాం. రేసుబాబు కాఫీ హోటలు వైపు వెళ్ళాడు. షెడ్డులో మావయ్యతో పాటు బాపట్ల మిల్లు ఓనరు గారు కూర్చుని ఉన్నారు. వాళ్ళ ఇంజను సంగతి మాట్లాడటానికి వచ్చి, పనిలో పనిగా నా కొట్టం సంగతి కూడా తేల్చుకు పోదామని ఆగారట. మావయ్య ఆయనకు ఏదో చెప్పి లేచి, నన్ను షెడ్డు వెనక పీపాల చాటుకు తీసుకెళ్ళాడు.

"మావయ్యా, ఆ రబ్బర్లు..." అని మొదలుపెట్టాను.

"నాకు తెలుసురా" అన్నాడు.

"ఎప్పుడు తెలిసింది?"

"గ్లాసు పడ్డప్పుడే తెలిసింది. రెక్క మీద చెయ్యి పెట్టి చూశా. ఇంజను కాళ్ళ కాణ్ణించే కొడతంది అదురు."

"మరి అప్పుడే చెప్పొచ్చుగా! రేపల్లె దాకా ఎందుకు పంపావు? దారిలో అమ్మ కూడా..."

"జనం ఉన్నారు గదరా" అన్నాడు మావయ్య. ఆ గొంతు నేనెప్పుడూ విన్నది కాదు. "అల్లుడూ, నా మాట విను. ఆ లోపల కూచున్నాయన ఎవరో నీకు తెలుసు. ఇంజను గారికి ఇంజను కూచోబెట్టడం రాలేదని ఆయన బాపట్ల మోసుకుపోయాడనుకో, రేపట్నించి నన్ను పిలిచేదెవడు? నా మాట మీద నీకు కొట్టం ఇచ్చేదెవడు? నా పేరు నిలబడితేనే నీకు షెడ్డు. నువ్వు కుర్రాడివి. కుర్రాడు చేసిన తప్పు నాలుగు రోజులు నవ్వుకుంటారు, మర్చిపోతారు. నాకైతే అట్టా కుదరదు."

చూశారా ఎంత తిరుగులేని లెక్కో. నేను నిజం చెబితే ఆయన మాటకు విలువ పోతుంది, ఆయన మాటకు విలువ పోతే నాకు షెడ్డు రాదు. కాబట్టి నాకు షెడ్డు రావాలంటే నేను చేతకానివాణ్ణని నలుగురూ అనుకోవాలి. ఇప్పుడు చెబుతుంటే మీకు నవ్వొస్తోంది గాని, ఆ పీపాల చాటున, ఆయన కళ్ళలో నీళ్ళు చూస్తూ నిలబడితే అది చాలా న్యాయంగానే అనిపించింది. పైగా మావయ్య. అన్నం పెట్టినవాడు, పని నేర్పినవాడు. తలూపాను.

అంతలో రేసుబాబు కూడా వచ్చాడు. మావయ్య తువ్వాలుతో మొహం తుడుచుకుని ముందుకొచ్చి, బాపట్ల ఓనరు గారు వింటుండగా, "దొరికిందండీ బాబు గారూ! మావాడు బెల్టులేసే తొందర్లో ఇంజను కింద రబ్బర్లు తీసేసి ఇనుప పలకలు తోసేశాడు. మిల్లు పని అలవాటు గదండీ, కుర్రతనం!" అన్నాడు. అని, నా వీపు మీద ప్రేమగా ఒకటి చరిచాడు. అందరూ నావైపు చూశారు. నేను తల దించుకున్నాను. అది సిగ్గని వాళ్ళు అనుకున్నారు. రేసుబాబు మంచివాడు కాబట్టి, "పోనీలెండి, నేర్చుకుంటాడు" అన్నాడు. నాకు ఆ మాట దెబ్బకన్నా ఎక్కువ తగిలింది. ఆ సాయంత్రమే పాత లారీ టైరు కోసి, పొర మీద పొర పేర్చి, ఇంజను పాదాల కింద కొత్త దిమ్మలు పెట్టాం. కోసింది నేనే, పేర్చింది నేనే. మావయ్య ఈసారి గ్లాసు పెట్టలేదు. స్టార్టు చేస్తే కారు పిల్లిలా మెత్తగా నడిచింది. చూస్తున్నవాళ్ళు, "ఇంజను గారి చెయ్యి పడితే ఇంక తిరుగుందా" అని మావయ్యను మెచ్చుకున్నారు.

బాపట్ల ఓనరు గారు లేచి వెళుతూ మావయ్యను పక్కకు పిలిచారు. నాకు వినబడేంత దూరంలోనే పిలిచారు, పెద్దవాళ్ళకు ఆ జాగ్రత్త ఉండదు. "మీ మాట కాదనే ధైర్యం నాకు లేదండి ఇంజను గారూ. కానీ ఈ కుర్రాడు వద్దండి. రబ్బరుకీ ఇనుముకీ తేడా తెలియనివాడికి కొట్టం ఇచ్చి మిల్లులు ఎలా అప్పజెప్పమంటారు? మీరే వస్తూ పోతూ ఉండండి, చాలు" అన్నారు. మావయ్య నోరు తెరిచాడు. ఆయన నోరు మూసి, "మీ ఇష్టమండి" అన్నాడు. తర్వాత నా దగ్గరికొచ్చి, "ఏం చేస్తాంరా, ఊరు అట్టా అనుకుంటంది" అన్నాడు, ఊరికి ఆ మాట ఎవరో పరాయివాడు చెప్పినట్టు.

నాలుగు రోజుల్లో మర్చిపోతారన్నాడు కదా. తెనాలిలో నా పేరు 'వణుకుడు' అయింది. పొన్నూరు చేరేసరికి అది ముదిరి, నేను పట్టుకున్న ఇంజను ఏదైనా వణుకుతుందనే దాకా వచ్చింది. నా పెళ్ళిలో తాళి కట్టేటప్పుడు వెనక నుంచి ఎవరో, "చెయ్యి వణక్కుండా చూసుకోరా" అన్నారు, పందిరి పందిరంతా గొల్లుమంది. మిల్లులవాళ్ళు ఎవరూ పని ఇవ్వకపోతే, చివరికి రేపల్లె బస్సు డిపోలో ఫిట్టరుగా చేరాను. నా పేరెవరూ అడగని చోటు అదొక్కటే. ఎన్నో బస్సులకు ఇంజను కింద పెట్టే మౌంటింగు రబ్బర్లు మార్చాను, ఒక్కటంటే ఒక్క బస్సు వణికిందని ఎవరూ రాసి ఇవ్వలేదు. అయినా ఏం లాభం, బస్సు వణక్కపోతే ఎవరు గమనిస్తారు?

మావయ్య మాత్రం ఆ కథను వదల్లేదు. పండగలకీ పబ్బాలకీ, ఇంటికి కొత్తవాళ్ళు వస్తే చాలు, ఆ కారు కథ మొదలు. మొదట్లో చెప్పేటప్పుడు నావైపు ఒకసారి బెరుకుగా చూసేవాడు. తర్వాత ఆ చూపు పోయింది. ఏడాదికేడాది కథ పెరిగింది. ఒక ఏడు నేను రబ్బర్లు కాలవలో విసిరేశాను, ఇంకో ఏడు ఆయన వద్దు వద్దంటున్నా విసిరేశాను. ఎప్పుడో ఒకప్పుడు, నలుగురిలో, కనీసం ఒక్కరి ముందు, "వీడు కాదు, నేనే" అంటాడని నేను ఎదురుచూస్తూ ప్రతిసారీ వెళ్ళి కూర్చునేవాణ్ణి. కూర్చుని నవ్వేవాణ్ణి కూడా. నవ్వకపోతే రోషం వచ్చిందంటారు కదా.

ఈమధ్య ఆయన్ను చూడటానికి తెనాలి వెళ్ళాను. బాగా పెద్దవాడైపోయాడు, మంచం మీదే ఉంటున్నాడు. ఆ వేళకు మనవరాలి అత్తింటివాళ్ళు వచ్చి ఉన్నారు. నన్ను చూడగానే ఆయన మొహం విప్పారింది. "వీడేనండీ నేను చెప్పే అల్లుడు!" అని కారు కథ ఎత్తుకున్నాడు. గ్లాసు పడేదాకా వచ్చి, ఆయాసం ముంచుకొచ్చి, చేత్తో నావైపు చూపించి, "మిగతాది నువ్వు చెప్పరా" అన్నాడు. అందరూ నావైపు తిరిగారు. ఇంతకన్నా సమయం మళ్ళీ రాదనిపించింది. గొంతు సవరించుకుని, "మిగతాది ఏంటంటే, ఆ రబ్బర్లు తీసింది నేను కాదండీ. మావయ్యే" అన్నాను.

ఇల్లు ఎగిరిపోయేలా నవ్వులు. కథ మొత్తంలో అంత నవ్వు ఎప్పుడూ రాలేదు. అందరికన్నా ఎక్కువ మావయ్య నవ్వాడు, కళ్ళలో నీళ్ళు వచ్చేలా నవ్వాడు. "చూశారా, వీడు ఇప్పటికీ ఒప్పుకోడు!" అన్నాడు. ఆ కళ్ళలోకి పరకాయించి చూశాను. నటన లేదు, దొంగచూపు లేదు. ఆయన నిజంగానే నమ్ముతున్నాడు. "నేనైతే తీస్తానంట్రా, మతి లేకపోతే గాని!" అన్నాడు జాలిగా.

లేచి వంటింటి వైపు వెళ్ళాను. అక్కడ అత్తయ్య ఒక్కతే నవ్వకుండా కాఫీ కలుపుతోంది. నా చేతికి గ్లాసు ఇచ్చి, గొంతు తగ్గించి, "తీసింది ఆయనేరా. ఆ రోజే నాతో చెప్పుకుని ఏడ్చాడు. అన్నం కూడా ముట్టలేదు" అంది.

గ్లాసు గట్టు మీద పెట్టేశాను. "తెలిసీ ఇన్నేళ్ళూ ఒక్కసారైనా అనలేదేం అత్తయ్యా?"

"అప్పుడంటే మా షెడ్డు పోయేది. ఆ తర్వాత అంటే మాత్రం నీకు షెడ్డు వచ్చేదా, నాయనా?" అంది అత్తయ్య. కొంచెం ఆగి, "చల్లారిపోద్ది, తాగు" అంది.

తాగాను. జీవితమంతా ఎదురుచూసిన మాట దొరికింది, దొరికేసరికి దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇంతలో ముందు గదిలోంచి మావయ్య కేకేశాడు, "ఏంట్రా అల్లుడూ, మధ్యలో వదిలేసి పోయావ్? వాళ్ళు అడుగుతున్నారు, రా, పూర్తి చెయ్!" వెళ్ళి ఆయన మంచం అంచున కూర్చుని, రబ్బర్లు నేనే ఎలా పీకానో, పీకి ఎంత దూరం విసిరానో చేతులు తిప్పి మరీ చెప్పాను. బాగా చెప్పానని అందరూ అన్నారు. మావయ్య నా మోకాలి మీద చెయ్యి వేసి, ఆయాసంలోనే నవ్వుతూ విన్నాడు. నా వయసుకు, నా మతికి నాకే నవ్వొచ్చింది, నేనూ నవ్వాను.